కళ్ళకు కట్టిన క్రీడలు

(ప్రసంగ పాఠం)

కవి గాని కథకుడు గాని ఒక దృశ్యాన్ని చక్కగా వర్ణించినప్పుడు "కళ్ళకు కట్టినట్లు చెప్పినాడు" అని మెచ్చుకొనడం మన వాడుక. ఈ పలుకుబడి ఇప్పుడు అక్షరాలా నిజమైనది. ముఖానికి తొడుగుకొనే ఒక చిన్న పరికరం దృశ్యాన్ని నిజంగానే తెచ్చి కళ్ళకు కడుతున్నది. దానిని వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ అంటున్నారు. లేని లోకాన్ని ఉన్నట్లుగా తోపింపజేసే సాధనమని దాని అర్థం. వైద్య విద్యలో, విమాన శిక్షణలో, భవన నిర్మాణంలో దీనికి ఎన్నో ఉపయోగాలున్నవి. అయినా మన ఇండ్లలోనికి ఇది ప్రవేశించినది ముఖ్యంగా ఆటల నిమిత్తమే. ఆ ఆటలను ఎట్లా ఎన్నుకోవలె, ఎన్నుకొన్నవాటిని ఎట్లా ఆనందించవలె అన్నదే ఈనాటి ప్రసంగ విషయం.

ఆటల ఎన్నికకు ఇంత ఆలోచన ఎందుకని కొందరికి అనిపించవచ్చు. చదరంగం రుచించకపోతే పలక ముందునుంచి లేచిపోతాం. సినిమా నచ్చకపోతే సగంలో ఇంటికి వస్తాం. ఈ పరికరం సంగతి అట్లా కాదు. ఒంటికి సరిపడని ఆటతో ఆరంభించినవారికి తల తిరిగి, చెమటలు పోసి, కడుపులో త్రిప్పి, ఆ పూటంతా పడుకొనవలసి రావచ్చు. అటువంటివారు దానిని మరల ముట్టరు. వేలు పోసి కొన్న వస్తువు అటక మీదికి చేరుతుంది. అంతకంటె పెద్ద నష్టం మరొకటి ఉన్నది. "ఇది మనకు తగినది కాదు" అని పెద్దలు తీర్మానించుకొంటారు. అప్పుడది పిల్లలు గది తలుపు వేసికొని ఒంటరిగా ఆడుకొనే వ్యసనంగా మిగిలిపోతుంది. ఇంటిల్లిపాదికీ వినోదం కావలసిన వస్తువు ఇంటిని రెండుగా చీల్చుతుంది. ఇదంతా చాలవరకు మొదటి పావుగంటలో ఆడిన ఆటమీద ఆధారపడి ఉన్నది.

పరికరం క్రొత్తదైనా దాని మూలసూత్రం ప్రాతదే. మన రెండు కంటిపాపల నడుమ సుమారు 63 మిల్లీమీటర్ల దూరం ఉంటుంది. ముఖం ఎదుట వేలు నిలిపి, ఒకమారు కుడికన్ను, ఒకమారు ఎడమకన్ను మూసి చూడండి. వేలు అటూ ఇటూ జరిగినట్లు కనిపిస్తుంది. ఒక్కొక్క కన్ను ఒక్కొక్క చిత్రాన్ని చూస్తున్నదన్నమాట. ఈ రెండింటినీ కలిపి మెదడు లోతును గ్రహిస్తుంది. ఆంగ్ల శాస్త్రజ్ఞుడు చార్లెస్ వీట్‌స్టన్ 1838లో ఈ సంగతిని వివరించి, రెండు చిత్రాలను రెండు కళ్ళకు వేరువేరుగా చూపే స్టీరియోస్కోపు అనే సాధనాన్ని లోకానికి పరిచయం చేసినాడు. న్యూయార్కు ప్రపంచ ప్రదర్శనలో 1939లో వెలువడిన వ్యూమాస్టరు దాని సంతానమే. గుండ్రని అట్టచక్రం పెట్టి, మీట నొక్కుతూ తాజమహలును చూచిన పెద్దలు మనలో చాలామంది ఉంటారు.

అయితే ఆ బొమ్మలకు ఒక లోపం ఉండేది. మనం తల త్రిప్పినా బొమ్మ మాత్రం మారదు. అమెరికాలో ఐవన్ సదర్లండ్ 1968లో ఈ లోపాన్ని తీర్చినాడు. తల ఎటు తిరిగితే అటువైపు దృశ్యం కనిపించేటట్లు ఆయన నిర్మించిన యంత్రాన్ని గది పైకప్పునుంచి వ్రేలాడదీయవలసి వచ్చినది. అది ఇంటి వస్తువు కావడానికి చాలా కాలం పట్టినది. జపాను దేశపు నింటెండో సంస్థ 1995లో విక్రయానికి పెట్టిన వర్చువల్ బాయ్ నల్లని తెరమీద ఎర్రని గీతలు మాత్రమే చూపించి, ఏడాది తిరుగకముందే మూలబడినది. 2012లో పామర్ లక్కీ అనే యువకుడు ప్రజలనుంచి ధనం సేకరించి ఓక్యులస్ రిఫ్ట్‌కు అంకురార్పణ చేసినాడు. 2016లో ఆ రిఫ్ట్, వైవ్, ప్లేస్టేషన్ వి.ఆర్. అంగళ్ళకు వచ్చినవి. వీటికి కంప్యూటరో, మరొక ఆటయంత్రమో తీగతో తగిలించి ఉండవలె. 2019లో వచ్చిన ఓక్యులస్ క్వెస్ట్ ఆ తీగను తెంచివేసినది. ఆ వంశంలో 2020లో క్వెస్ట్ 2, 2023లో క్వెస్ట్ 3 పుట్టినవి.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించవలె. మన తలను మూడు విధాలుగా త్రిప్పగలం: ప్రక్కలకు, పైకి క్రిందికి, భుజాల వైపునకు. ఒంటిని మూడు విధాలుగా జరుపగలం: ముందు వెనుకలకు, కుడి ఎడమలకు, వంగుతూ లేస్తూ. సెల్‌ఫోనును అట్టపెట్టెలో ఇమిడ్చి కళ్ళకు ఆనించుకొనే చౌక సాధనాలు, 2014లో గూగుల్ వారు ప్రచారంలోనికి తెచ్చిన తరహావి, మొదటి మూడింటిని మాత్రమే గుర్తిస్తవి. మనం ముందుకు వంగితే లోకం కూడా మనతోపాటు వంగుతుంది. అవి బొమ్మలు చూడడానికి పనికివస్తవి గాని ఆడడానికి కాదు. ఆ పెట్టెలను ఒకమారు చూచి "ఇంతేనా" అని పెదవి విరిచినవారు ఆరు విధాల కదలికలనూ గ్రహించే హెడ్‌సెట్‌ను ఇంకా చూడలేదనే చెప్పవలె.

ఇక ఆ తలత్రిప్పు సంగతి. మన చెవి లోపలి భాగంలో వినికిడితో సంబంధం లేని మరొక ఏర్పాటు ఉన్నది. ద్రవంతో నిండిన మూడు అర్ధవలయ నాళాలు తల ఎటు తిరుగుతున్నదో మెదడుకు తెలుపుతవి. వాటి ప్రక్కనున్న చిన్న సంచులు శరీరం సాగుతున్నదా, నిలిచినదా అన్నది తెలుపుతవి. కళ్ళు చెప్పే మాటా, చెవి చెప్పే మాటా ఒకటైతే మనకు హాయి. తిరుమల ఘాట్ రోడ్డుమీద బస్సులో పుస్తకం చదవబోయినవారికి ఈ రెండూ వేరైతే ఏమవుతుందో తెలుసు. అక్కడ ఒళ్ళు మలుపులు తిరుగుతూ ఉంటుంది, కళ్ళు కదలని అక్షరాలమీద ఉంటవి. హెడ్‌సెట్‌లో దీనికి విపర్యయం. ఒళ్ళు నిలిచి ఉంటుంది, కళ్ళు పరుగెత్తుతవి. ఫలితం మాత్రం ఒకటే.

కనుక ఆటను కొనేముందు వేసుకోవలసిన మొదటి ప్రశ్న, బొమ్మలు ఎంత అందంగా ఉన్నవని కాదు. "ఈ ఆటలో నేను కదలకుండా ఉన్నప్పుడు లోకం కదులుతుందా?" అన్నది. ఈ ఒక్క ప్రశ్నతో ఆటలన్నీ మూడు తెగలుగా విడిపోతవి.

మొదటి తెగ ఆటలలో ఆటగాడు ఉన్నచోటనే ఉంటాడు. అతడు నిజంగా ఎంత కదిలితే ఆ లోకంలోనూ అంతే కదులుతాడు. ప్రాగ్ నగరంలోని ఒక చిన్న బృందం 2018లో వెలువరించిన బీట్ సేబర్ వీటిలో మిక్కిలి ప్రసిద్ధమైనది. రెండు చేతులలో ఎర్రనిదీ నీలమూ రెండు వెలుగు కత్తులు ఉంటవి. సంగీతం మొదలవుతుంది. తాళానికి సరిగా ఎర్రవీ నీలివీ దిమ్మెలు మనవైపునకు వస్తవి. ఏ రంగు దిమ్మెను ఆ రంగు కత్తితో, దానిమీది బాణపు గుర్తు చూపిన దిక్కునకు నరుకవలె. కోలాటం ఆడినవారికి ఈ ఆటను ఎవరూ నేర్పనక్కరలేదు. చేయి లయను పట్టుకొన్న తరువాత మనస్సు దానివెంట పోతుంది. నాలుగు పాటలయ్యేసరికి ఒంటికి మంచి వ్యాయామం కూడా అవుతుంది.

శ్రమ వద్దనుకొనేవారికి ఈ తెగలోనే వేరు ఆటలున్నవి. పజ్లింగ్ ప్లేసెస్ 2021లో వచ్చినది. ఆర్మీనియాలోని తాతేవ్ మఠం వంటి నిజమైన కట్టడాలను అనేక ఛాయాచిత్రాల సహాయంతో రూపొందించి, ముక్కలుగా కోసి ఇస్తారు. కుర్చీలో కూర్చుండి, ముక్కలను గాలిలో త్రిప్పి చూచుకొంటూ, గోడకు గోడ, గోపురానికి గోపురం అతికించుకొంటూ పోవచ్చు. తొందర లేదు, ఓటమి లేదు. జాబ్ సిమ్యులేటర్ 2016 నాటి హాస్యపు ఆట. యంత్రమానవులు ఉద్యోగాలన్నీ తీసికొన్న 2050లో, మనుష్యులు ఒకప్పుడు ఎట్లా పనిచేసేవారో చూపే ప్రదర్శనశాలలో మనం వంటవానిగానో గుమాస్తాగానో నిలబడతాం. చేతులతో పట్టుకొనడం, విసరడం, వంచడం ఇటువంటి ఆటలలో సునాయాసంగా అలవడుతవి.

మాస్ అన్న ఆటను ప్రత్యేకంగా పేర్కొనవలె. 2018లో వచ్చిన ఈ కథలో క్విల్ అనే చిట్టెలుక కథానాయిక. అడవి, శిథిలాలయాలు, వాగులు మన ఎదుట బొమ్మలకొలువు వలె పరచుకొని ఉంటవి. మనం పైనుంచి వంగి చూస్తూ ఆమెను నడిపిస్తాం, అడ్డువచ్చిన బండలను చేతితో జరుపుతాం. తోలుబొమ్మలాటలో తెర వెనుక ఉన్నవాడికి కలిగే మమకారం వంటిది మనకు కలుగుతుంది. క్విల్ మాటలాడదు. మూగచెవిటివారు వాడే చేతిసైగలతో తన మనస్సును మనకు తెలుపుతుంది. పిల్లలూ పెద్దలూ ఒకే విధంగా ఇష్టపడగల ఆటలు ఎక్కువ లేవు. ఇది వాటిలో ఒకటి.

రెండవ తెగ ఆటలలో మనం లోకంలో తిరుగుతాం గాని నడవము. చేయి చాపి ఒకచోటు చూపితే రెప్పపాటులో అక్కడ ఉంటాం. నడుమ పయనం కనిపించదు కనుక చెవికి ఫిర్యాదు ఉండదు. 2020లో వాల్వ్ సంస్థ వెలువరించిన హాఫ్‌లైఫ్ అలిక్స్ ఇట్లా ఆడదగిన గొప్ప ఆట. దానికి శక్తిమంతమైన కంప్యూటరు కావలె. కథ భయంకరమైనది, పిల్లలకు తగదు. దానిలో ఒక ఘట్టం ఈ కళ యొక్క విశిష్టతను చక్కగా తెలుపుతుంది. చూపులేని ఒక వికృతజీవి చప్పుడును బట్టి వేటాడుతూ ఉంటుంది. దాని చుట్టూ గాలిలో దగ్గు పుట్టించే ధూళి. దగ్గితే చావే. ఏ మీటా నొక్కనక్కరలేదు. చేతిని నిజంగా ఎత్తి నోటికి అడ్డం పెట్టుకోవలె. అట్లా నోరు మూసుకొని, రెండవ చేత్తో తలుపు తీస్తూ, సీసా దొర్లకుండా జాగ్రత్తపడుతున్నప్పుడు మనం ఆడుతున్నామన్న సంగతినే మరచిపోతాం. మామూలు తెరమీద ఈ అనుభవం కలుగదు.

మూడవ తెగ ఆటలలో మీటను నొక్కితే పరుగెత్తడం, ఎగరడం, వాహనాలు నడపడం ఉంటవి. వీటిని చివరకు ఉంచుకోవలె. కొన్ని ఆటలలో పరుగెత్తేటప్పుడు చూపు అంచులను చీకటి చేసే ఏర్పాటు, కొంచెం కొంచెంగా గాక ఒక్కమారుగా మలుపు తిప్పే ఏర్పాటు ఉంటవి. వాటిని వాడుకొనడం చిన్నతనం కాదు. క్వెస్ట్ అంగడిలో చాలా ఆటలకు సుఖమైనది, మధ్యస్థమైనది, తీవ్రమైనది అని గుర్తు వేసి ఉంటుంది. ఆ గుర్తును వెలకంటె ముందు చూడవలె. స్టీమ్ అంగడిలో కొన్న ఆటను 14 రోజులలోపల, ఆడిన కాలం రెండు గంటలు మించకుండా ఉంటే, తిరిగి ఇచ్చి సొమ్ము పుచ్చుకొనవచ్చు. నమూనా ఆట ఉచితంగా దొరికితే ముందు దానినే ఆడి చూడవలె.

ఒళ్ళు అలవాటు పడుతుందా అంటే చాలామందికి పడుతుంది. కాని పంటి బిగువున బాధ ఓర్చుకొంటే అలవాటు కాదు. ఒళ్ళు వెచ్చబడినా, నోరు ఊరినా తక్షణం చాలించవలె. మొదటి వారం పది నిమిషాలు చాలు. ఎదుట ఒక ఫ్యాను తిరుగుతూ ఉంటే గాలి వచ్చే దిక్కును బట్టి మనం ఎటు తిరిగి ఉన్నదీ తెలుస్తుంది, ఒంటికి హాయిగా కూడా ఉంటుంది. కటకాల నడుమ దూరాన్ని ఎవరి కళ్ళకు తగినట్లు వారు సరిచేసికోవలె. అన్నగారికి అమర్చినది చెల్లెలికి సరిపోదు. అట్లా మసకగా చూస్తూ ఆడి, తలనొప్పి వచ్చినదని ఆటను నిందించేవారు ఎందరో ఉన్నారు. పరికరం బరువు అరకిలో పైచిలుకు. క్వెస్ట్ 3 సరిగా 515 గ్రాములు. ఆ బరువు చెంపలమీద గాక తల వెనుక పట్టీమీద నిలిచేటట్లు బిగించుకోవలె. ఆట చాలించిన తరువాత కొంతసేపు కూర్చుండి, తల తేటపడిన పిమ్మటనే స్కూటరు ఎక్కవలె.

మన ఇండ్లకు ప్రత్యేకమైన జాగ్రత్తలు రెండున్నవి. గదిలో రెండు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఖాళీ చూచుకొనడం అందరూ చేస్తారు. తలపైన తిరుగుతున్న ఫ్యానును మాత్రం మరచిపోతారు. చేయి పైకెత్తే ఆటకు ముందు దానిని ఆపివేయవలె. రెండవది మన ఎండ. ఈ కటకాలు భూతద్దాల వంటివే. కిటికీ ప్రక్కన కటకాలు పైకి ఉండేటట్లు పెట్టి మరచిపోతే, కొద్దిసేపటిలోనే సూర్యకిరణాలు లోపలి తెరను కాల్చి మచ్చ చేస్తవి. అది మరి మానదు. ఇంకొక మాట. పింగ్‌పాంగ్ ఆటలో కనిపించే బల్ల నిజంగా అక్కడ లేదు. దానిమీద చేయి ఆనించబోయి నేలమీద పడినవారున్నారు. ఎత్తైన మేడమీద పలకపై నడిపించే ఆటను వృద్ధులకు, గుండెజబ్బు ఉన్నవారికి సరదాకు కూడా తొడుగరాదు.

ఈ మాట వచ్చినప్పుడు మయసభ జ్ఞాపకం వస్తుంది. నేల అనుకొని నీళ్ళలో అడుగుపెట్టిన దుర్యోధనుని తడబాటు చిన్నది. చూచినవారు నవ్విన నవ్వు మాత్రం చిన్నది కాలేదు. కళ్ళకు గంతలు కట్టుకొని గాలిలో చేతులాడించే తాతగారిని చూస్తే పిల్లలకు నవ్వు రావడం సహజమే. కాని ఆ సమయంలో ఆయన చూపును మనకు అప్పగించి, మన ఇంట్లో మనల్ని నమ్మి నిలబడినారు. ప్రక్కన ఒకరు నిలిచి, "కుడివైపు కుర్చీ ఉన్నది" అని చెప్పడం, అనుమతి లేకుండా ఫోనులో చిత్రం తీయకుండడం ఈ ఆటకు మొదటి మర్యాద. ఆ మర్యాద దక్కిన పెద్దలు రెండవమారు తామే అడిగి తొడుగుకొంటారు.

పిల్లల విషయంలో వయస్సు నియమాలున్నవి. మెటా సంస్థ తన క్వెస్ట్‌లకు మొదట 13 ఏండ్లు నిండవలెనని, 2023 నుంచి తలిదండ్రుల అధీనంలోని ఖాతాతో 10 ఏండ్లకు చాలునని నిర్ణయించినది. సోనీవారు 12 ఏండ్లలోపు వారికి వద్దంటారు. వయస్సు చాలినా మరొక సంగతి చూచుకోవలె. గొరిల్లా ట్యాగ్ వంటి ఆటలలో మన పిల్లలు ముక్కూమొగం తెలియనివారితో మాటలాడుతూ ఆడుతారు. వీధిలోనికి పంపేటప్పుడు ఎవరితో పోతున్నావని అడగమా? ఇక్కడా అడగవలె. హెడ్‌సెట్‌లో కనిపించేదానిని టెలివిజను తెరమీదికి పంపే సదుపాయం ఉన్నది. దానిని వాడుకొంటే పిల్లవాడు ఏ లోకంలో ఉన్నాడో ఇంటివారందరికీ తెలుస్తుంది. అంతకుమించి, ఒకడి ఆట పదిమందికి వేడుక అవుతుంది.

పదిమందినీ కలిపే ఆటలే వేరుగా ఉన్నవి. కీప్ టాకింగ్ అండ్ నోబడీ ఎక్స్‌ప్లోడ్స్ అన్నది 2015 నాటిది. హెడ్‌సెట్ పెట్టుకొన్నవానికి ఒక బాంబు కనిపిస్తుంది, దానిని విప్పే విధానం మాత్రం తెలియదు. విధానం వ్రాసిన కాగితాలు తక్కినవారి చేతిలో ఉంటవి, బాంబు మాత్రం వారికి కనిపించదు. ఒకడు చూచినది చెప్పవలె, ఇతరులు చదివి దారి చూపవలె, గడియారం తిరుగుతూ ఉంటుంది. ఒక్క పరికరంతో ఇల్లంతా కేకలతో నిండుతుంది. మాటను స్పష్టంగా చెప్పడం, ఎదుటివారి మాట పూర్తిగా వినడం ఎంత కష్టమో కూడా తెలిసివస్తుంది.

దూరాన ఉన్నవారి సంగతి మరొకటి. అమెరికాలో కొడుకూ కోడలూ, విజయవాడలో తలిదండ్రులూ ఉన్న సంసారాలు నేడు మనలో ఎన్నో. వారానికొకమారు ఫోను తెరమీద ముఖాలు చూచుకొని, భోజనం అయిందా, మందులు వేసుకొన్నారా అని అడిగిన తరువాత మాటలు కరవవుతవి. వాకబౌట్ మినీ గోల్ఫ్ 2020లో వచ్చినది. నిలబడి గాని కూర్చుండి గాని, చిన్న కర్రతో బంతిని గుంటలోనికి నెట్టే నిదానమైన ఆట. మనుమడు డల్లాసులో, తాతగారు విజయవాడలో, ఇద్దరూ ఒకే తోటలో నిలిచి ఆడవచ్చు. ఒకరి దెబ్బకు ఒకరు కాచుకొని ఉన్న ఆ నిమిషాలలో బడి సంగతులూ ఊరి సంగతులూ వాటంతట అవే వస్తవి. ప్రశ్నలకు ఒక్కమాటలో జవాబిచ్చే పిల్లవాడు ఆటలో పడి ఎన్నో చెప్పుతాడు. అక్కడి ఉదయం ఇక్కడి రాత్రి కనుక వేళ కుదుర్చుకోవలె, అంతే.

ఒక్కమాటలో చెప్పవలెనంటే, ముందు కూర్చుండి ఆడేవి, తరువాత నిలబడి ఆడేవి, ఆ తరువాత తిరిగి ఆడేవి అన్న వరుసను తప్పకండి. ఏది కొన్నా రెండు ఆటలు ఒంటరికి, ఒక ఆట ఇంటికందరికీ ఉండేటట్లు కొనండి. ఆట చాలించి హెడ్‌సెట్ తీసినవారిని, ఏమి చూచినారని అడగండి. ఎలుకపిల్ల ఏటిని ఎట్లా దాటినదో, మనుమడు ఎన్ని దెబ్బలలో గుంట నింపినాడో వారు ఉత్సాహంగా చెప్పబోతే ఆ ఆటను ఉంచుకోండి. జవాబు చెప్పక, విసుగుతో మరల కళ్ళకు కట్టుకొనబోతే, ఆనాటికి దానిని పెట్టెలో పెట్టి మూత వేయండి.